పడవ కన్నా ముందు షెడ్డు

తిరుపతిలో ఇంటర్ చదివే అమ్మాయి ఒకరోజు ఇంట్లో "రోయింగ్ నేర్చుకుంటా" అంటే వరసగా మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. యాడ నేర్పిస్తారు? ఎవురితో పోతావు? పొద్దున ఎన్ని గంటలకు పోవాల? పతకం వస్తుందా, ఉద్యోగానికి పనికొస్తుందా అనే మాటలు ఆ తర్వాతవి. మొదటి మూడింటికే జవాబు లేకపోతే, కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే ఆ ముచ్చట ముగిసిపోతుంది.

మహిళల రోయింగ్ చరిత్రను మామూలుగా పతకాల పట్టికలాగా చెబుతుంటారు. ఎవరు ఏ ఏడు గెలిచారు, ఎన్ని సెకన్ల తేడాతో గెలిచారు అని. ఆ పట్టిక మొదలు కాకముందు ఏం జరిగిందో వెతికితే మాత్రం ఈ మూడు ప్రశ్నలే కనిపిస్తాయి. అమెరికాలో వాటికి జవాబు వెతకడం మొదలుపెట్టి, దాదాపు జీవితమంతా ఆ పనే పట్టుకుని ఉన్నావిడ ఎర్నెస్టీన్ బేయర్. ఆమె ఒలింపిక్స్‌లో ఎన్నడూ పోటీ పడలేదు. ఆమె వయసులో ఉన్నప్పుడు ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు రోయింగే లేదు.

ముందు ఆట గురించి కొంచెం తెలియాలి. పడవ పందెం అంటే మనకు కేరళ పాము పడవలు గుర్తొస్తాయి. అందులో తెడ్డు చేత్తో పట్టుకుని, ముందుకు చూస్తూ నీళ్ళు తోస్తారు. రోయింగ్‌లో తెడ్డు వేసేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారు, పడవ వాళ్ళ వీపు వైపుకు పరుగెత్తుతుంది. తెడ్డు పడవ పక్కకు చాచి ఉన్న లోహపు చట్రానికి బిగించి ఉంటుంది. సీటు చిన్న చక్రాల మీద ముందుకూ వెనక్కీ జారుతుంది, పాదాలు మాత్రం పడవలోనే బిగించిన బూట్లలో కదలకుండా ఉంటాయి. కాళ్ళతో తన్ని, నడుము వెనక్కి వాల్చి, చివర్లో చేతులతో లాగుతారు. అసలు బలమంతా తొడలదే. ఇన్నేళ్ళూ "ఆడవాళ్ళ భుజాలకు ఇది తగదు" అని వాదించినవాళ్ళు ఆ జారే సీటు మీద ఒక్క పూట కూర్చుని చూసినా వేరే కారణం వెతుక్కునేవాళ్ళేమో.

పడవల కొలతలు కూడా గుర్తుంచుకోవాలి. ఒక్కరే రెండు తెడ్లతో నడిపే సింగిల్ స్కల్ పడవకు పోటీల్లో ఉండాల్సిన కనీస బరువు 14 కిలోలు. పాతిక కిలోల బియ్యం మూట మోసే ఇల్లాలికి అదొక లెక్క కాదు. ఎనిమిది మంది పడవ మాత్రం 17 మీటర్లు దాటుతుంది, మన ఆర్టీసీ బస్సు కన్నా పొడవు. దాన్ని ఎండలో, వానలో బయట పడేయడానికి లేదు. అందుకే ఈ ఆటలో నీటితో సమానంగా ముఖ్యమైంది నీటి పక్కన ఉండే షెడ్డు. షెడ్డు తాళం ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్ళదే.

ఫిలడెల్ఫియాలో స్కూల్‌కిల్ నది ఒడ్డున అలాంటి షెడ్లు వరసగా ఉంటాయి. ఆ వరసకు బోట్‌హౌస్ రో అని పేరు. 1930ల దాకా అక్కడ రోయింగ్ పడవలుండే షెడ్ల తాళాలన్నీ మగవాళ్ళ క్లబ్బుల దగ్గరే ఉండేవి. ఎర్నెస్టీన్ 1909లో ఆ ఊళ్ళోనే పుట్టారు. బ్యాంకులో పనిచేస్తున్నప్పుడు ఎర్నెస్ట్ బేయర్ పరిచయమయ్యాడు. 1928లో పెళ్ళయింది. అదే ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో అతను నలుగురి పడవలో వెండి పతకం గెలిచాడు. ఆ తర్వాత సుమారు పదేళ్ళు ఆమె చేసింది, మిగతా క్రీడాకారుల భార్యలు చేసిందే. ఒడ్డున నిలబడి చూడటం.

ఒడ్డున నిలబడటం తిరుపతికి తెలియని సంగతి కాదు. తిరుమలలో ఫాల్గుణ మాసంలో స్వామి పుష్కరిణిలో ఐదు రోజులు తెప్పోత్సవాలు జరుగుతాయి. మెట్ల మీద నిండిపోయిన జనంలో ఆడవాళ్ళకు కొదవ ఉండదు. తిరుచానూరులో పద్మ సరోవరం మీద అమ్మవారే తెప్ప ఎక్కుతుంది. ఈ ప్రాంతపు ఆడవాళ్ళకు నీటితో ఉన్న సంబంధమంతా చూడటం, మునగడం, మోయడం. నీటి మీద సాగడం మాత్రం అమ్మవారికే దక్కింది.

1938లో ఎర్నెస్టీన్ కంట ఒక భవనం పడింది. ఆ వరసలోనే, 14వ నంబరు. 1860లో స్కేటింగ్ క్లబ్బు కోసం కట్టింది, ఆ వరసలో అన్నిటికన్నా పాతది. అది అద్దెకు తీసుకున్నారు. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళు, క్రీడాకారుల భార్యలు, స్నేహితురాళ్ళు కొందరు చేరి అక్కడ ఫిలడెల్ఫియా గర్ల్స్ రోయింగ్ క్లబ్ పెట్టుకున్నారు.

ఇక్కడ ఆగి చూడాల్సింది ఆమె ఎంచుకున్న దారి. మగవాళ్ళ క్లబ్బుల్లో తమకు సభ్యత్వం ఇవ్వమని అడుగుతూ కూర్చోకుండా వేరే కప్పు వెతుక్కున్నారు. ఈ పద్ధతి ఆమెతోనే మొదలైంది కాదు. 1892లోనే కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు, వాళ్ళ స్నేహితురాలు కలిసి తమ పేర్లలోని మొదటి అక్షరాలతో జెడ్‌లాక్ అనే క్లబ్ పెట్టుకున్నారు. 1896లో లండన్‌లో ఫర్నివాల్ అనే పండితుడు పనిపాటలు చేసుకునే అమ్మాయిల కోసం ఒక క్లబ్ తెరిచాడు. వేరు కుంపటి పెడితే ఆట వేగంగా పెరగదు, పెద్ద క్లబ్బుల డబ్బూ కోచ్‌లూ అందవు. కానీ ఏ రోజు ఎవరికి పడవ ఇవ్వాలన్నది తమ చేతిలో ఉంటుంది. శాపనార్థాలు వినకుండా పొద్దున్నే తలుపు తీసుకోవచ్చు. 1983లో తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడూ ఇదే వాదన రెండు వైపుల నుంచీ నడిచింది. ఆడపిల్లలకు వేరుగా ఎందుకు అన్నవాళ్ళున్నారు, వేరుగా ఉంటేనే పంపిస్తాం అన్న తల్లిదండ్రులూ ఉన్నారు. రెండో రకం వాళ్ళు పంపబట్టే ఎన్నో ఊళ్ళ నుంచి మొదటి తరం డిగ్రీ చదువులు వచ్చాయి. సిద్ధాంతంగా ఏది గొప్ప అన్నది వేరే సంగతి, పని జరిగిన దారి మాత్రం ఇది.

క్లబ్ అయితే వచ్చింది, పోటీ పడటానికి ఎదుటివాళ్ళు ఏరీ? ఆ నది మీద మరో మహిళా క్లబ్ లేదు. ఏళ్ళ తరబడి వాళ్ళలో వాళ్ళే రెండు జట్లుగా విడిపోయి పందెం వేసుకున్నారు. ఎర్నెస్టీన్ కథలో అందరూ దాటేసే భాగం ఇది. పతకం లేదు, పత్రికల్లో వార్త లేదు, ప్రతి వసంతంలో మళ్ళీ కొత్తవాళ్ళను పోగుచేయడం, పాత పడవకు అతుకులు వేయించడం, పెళ్ళయి మానేసినవాళ్ళ చోట్లో ఇంకొకరిని కూర్చోబెట్టడం. దాదాపు మూడు దశాబ్దాల ఈ విసుగు పనే ఆమె అసలు కృషి. 1967కు ముందు ఆమె ఆపేసి ఉంటే ఎవరూ ఆమె పేరు రాసి ఉండేవాళ్ళు కాదు.

1960ల్లో మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి చిన్న క్లబ్బులు లేచి, ఒక జాతీయ మహిళా రోయింగ్ సంఘం ఏర్పడింది. 1966లో సియాటిల్‌లో మొదటి జాతీయ పోటీలు జరిగాయి. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని విషీలో యూరోపియన్ చాంపియన్‌షిప్‌లకు ఎర్నెస్టీన్ తన క్లబ్ ఎనిమిది మంది పడవను తీసుకెళ్ళారు. అప్పటికి ఆమెకు 58 ఏళ్ళు. ఆ పడవలో ఆమె కూతురు కూడా ఉంది. అంతర్జాతీయ పోటీకి వెళ్ళిన తొలి అమెరికా మహిళా జట్టు అదే. పతకమేమీ రాలేదు. యూరప్‌లో ఆడవాళ్ళకు 1954 నుంచే అధికారిక చాంపియన్‌షిప్‌లు ఉన్నాయి, సోవియట్, తూర్పు జర్మనీ జట్లు ప్రభుత్వ శిక్షణతో రాటుదేలి ఉన్నాయి. ఆఫీసు అయ్యాక పడవ ఎక్కేవాళ్ళు వాళ్ళ మీద నెగ్గుతారని ఎవరూ అనుకోరు. అయినా ప్రారంభ రేఖ దగ్గర ఒక దేశం కొత్తగా కనిపించింది. ఒక ఆటను ప్రపంచ స్థాయికి చేర్చాలా వద్దా అని సమాఖ్యలు లెక్కేసేటప్పుడు చూసేది, ఎన్ని దేశాలు వస్తున్నాయన్నదే. 1974లో లూసర్న్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో మహిళల విభాగాలు చేరాయి. 1976లో మాంట్రియల్‌లో ఒలింపిక్స్‌కు వచ్చాయి.

ఆ మాంట్రియల్‌లో ఆరు మహిళా పోటీలు జరిగితే నాలుగు బంగారు పతకాలు తూర్పు జర్మనీవి, రెండు బల్గేరియావి. అమెరికాకు సింగిల్ స్కల్‌లో జోన్ లిండ్ వెండి తెచ్చింది, ఎనిమిది మంది పడవకు కంచు వచ్చింది. విషీకి, మాంట్రియల్‌కు మధ్య తొమ్మిదేళ్ళు. అంత తక్కువ కాలంలో ఇంత దూరం రావడానికి ఎర్నెస్టీన్ ఒక్కరే కారణం అంటే అబద్ధం అవుతుంది. 1972లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. టైటిల్ నైన్ అంటారు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదు. ఆటలకూ అది వర్తిస్తుంది.

చట్టం వచ్చినంత మాత్రాన షెడ్డులో చోటు రాలేదు. యేల్ విశ్వవిద్యాలయం అమ్మాయిల పడవ జట్టు చలికాలంలో సాధన చేశాక స్నానాల గది లేక, మగపిల్లలు వేడినీళ్ళ స్నానం ముగించేదాకా తడి బట్టలతో బస్సులో వణుకుతూ కూర్చునేది. 1976 మార్చి 3న వాళ్ళలో 19 మంది క్రీడా విభాగం అధికారిణి గదిలోకి వెళ్ళి, బట్టలు విప్పి, ఒంటి మీద రాసుకున్న ఆ చట్టం పేరు చూపించారు. జట్టు కెప్టెన్ క్రిస్ ఎర్న్‌స్ట్ ప్రకటన చదివింది. పత్రికల్లో అది పెద్ద వార్త అయింది. మన దగ్గర ఈ నిరసన పద్ధతి ఊహకు అందదు, ఆ ఇబ్బంది మాత్రం బాగా అందుతుంది. బాత్రూము లేని బడిలో చదివిన ఏ ఆడపిల్లకైనా ఆ బస్సు గురించి వేరే వివరణ అక్కర్లేదు. ఆ క్రిస్ ఎర్న్‌స్ట్ అదే ఏడాది మాంట్రియల్‌కు కూడా వెళ్ళింది.

చట్టం ఇంకో పని కూడా చేసింది, ఇది కొంచెం తమాషా అయిన సంగతి. అమెరికా కాలేజీల్లో అక్కడి ఫుట్‌బాల్ జట్టు అంటే ఒక సైన్యం. ఒక్కో పెద్ద విశ్వవిద్యాలయం 85 మందికి స్కాలర్‌షిప్ ఇచ్చేది. అంతమంది మగపిల్లలకు సరితూగేటంత మంది అమ్మాయిలను చూపించాలి. ఏ ఆటలో ఒకేసారి ఎక్కువమంది పడతారు? ఎనిమిది మంది పడవలు ఉన్న ఆటలో. అలా నీళ్ళ ముఖం చూడని ఊళ్ళలో కూడా మహిళల రోయింగ్ జట్లు పుట్టాయి. ఎన్నడూ తెడ్డు పట్టని, పొడుగ్గా, బలంగా ఉన్న వాలీబాల్, బాస్కెట్‌బాల్ అమ్మాయిలను పిలిచి చేర్చుకున్నారు. 1997 నుంచి మహిళల రోయింగ్‌కు అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ జాతీయ చాంపియన్‌షిప్ నడుస్తోంది, మగవాళ్ళ రోయింగ్‌కు ఈనాటికీ ఆ హోదా లేదు. ఫలితం నీటి మీద కనిపించింది. 2008, 2012, 2016 ఒలింపిక్స్‌లలో ఎనిమిది మంది పడవలో వరుసగా అమెరికా ఆడవాళ్ళే బంగారం గెలిచారు.

కాబట్టి మహిళల రోయింగ్‌ను పెంచింది ఒక మనిషా, చట్టమా అని అడిగితే జవాబు ఈ రెండూ వచ్చిన వరసలో ఉంది. డబ్బు వచ్చేనాటికి తెడ్డు పట్టడం తెలిసిన ఆడవాళ్ళు, వాళ్ళకొక సంఘం, పోటీల పట్టిక, నేర్పించే కొందరు పెద్దలు అప్పటికే ఉన్నారు. గట్టు వేసి ఉంచిన చెరువులో వాన నీళ్ళు నిలిచాయి. గట్టు లేకపోతే అంత వానా వాగు పట్టి పోయేదే.

దూరం గొడవ ఒకటి మిగిలింది. మగవాళ్ళు 2000 మీటర్లు పోటీపడితే ఆడవాళ్ళకు 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ దాకా 1000 మీటర్లే పెట్టారు. ఓర్పు తక్కువ అని. తీరా చూస్తే దూరం తగ్గినకొద్దీ ఒక్కసారిగా విసిరే కండబలానికి విలువ పెరుగుతుంది, దూరం పెరిగినకొద్దీ దమ్ముకు, లయకు పెరుగుతుంది. బలం తక్కువని దయ చూపించి, బలమే ఎక్కువ కావలసిన పందెం చేతిలో పెట్టారు. 1985 నుంచి ఈ తేడా పోయింది. టోక్యో నాటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు ఏడు, మగవాళ్ళకు ఏడు పోటీలు సమానమయ్యాయి. ఎర్నెస్టీన్ అది చూడలేదు. ఎనభైలు దాటాక కూడా పడవ ఎక్కుతూ వచ్చిన ఆవిడ 2006లో 97 ఏళ్ళకు పోయారు. 1984లో అమెరికా రోయింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు.

ఇక మన దేశం సంగతి. భారత రోయింగ్‌లో పేరు తెచ్చుకున్న మగవాళ్ళు దాదాపు అందరూ సైన్యం నుంచి వచ్చినవాళ్ళే. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో దేశానికి రోయింగ్‌లో తొలి బంగారం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్ సైనికుడు. 2016 రియోకు వెళ్ళిన దత్తు భోకనల్ కథ రాయలసీమ వాళ్ళు తప్పక వినాల్సింది. అతనిది మహారాష్ట్రలో నాసిక్ జిల్లాలోని కరవు పల్లె. తండ్రితో కలిసి బావులు తవ్విన మనిషి. పెద్ద నీళ్ళంటే ఎలా ఉంటాయో సైన్యంలో చేరాకే తెలిసింది. సింగిల్ స్కల్‌లో రియోలో 13వ స్థానంలో వచ్చాడు. అంటే ఊరికి నది లేకపోవడం ఈ ఆటలో అడ్డు కాదు. పొడవాటి కాళ్ళూ, గట్టి ఊపిరితిత్తులూ ఉన్న మనిషిని వెతికి పట్టి, తిండి పెట్టి, జీతమిచ్చి, రోజూ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళే వ్యవస్థ ఉండాలి. మగవాళ్ళకు సైన్యం ఆ పని చేసింది.

ఆడవాళ్ళకు ఆ పని చేసినవాళ్ళు లేరు. 2010లోనే ప్రతిమా పుహాన్, ప్రమీలా ప్రవా మింజ్ అనే ఇద్దరు ఒడిశా అమ్మాయిలు ఇద్దరి పడవలో కంచు పతకం తెచ్చారు. అయినా దాని వెనక వరద రాలేదు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో రోయింగ్‌లో మనకు ఐదు పతకాలొస్తే ఐదూ మగవాళ్ళవే. 2024 పారిస్ దాకా ఒలింపిక్ రోయింగ్‌లో భారత మహిళ ఒక్కరూ లేరు. పారాలింపిక్స్‌లో మాత్రం ఉన్నారు. పారిస్‌లో ఇద్దరి మిక్స్‌డ్ పడవలో అనితతో కలిసి తెడ్డు వేసింది మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కొంగనపల్లె నారాయణ, మందుపాతర పేలుడులో కాలు పోగొట్టుకున్న సైనికుడు. ఆ జంట అంతకు ముందే ఆసియా పారా క్రీడల్లో వెండి గెలిచింది.

తిరుపతి, చిత్తూరు వైపు చూస్తే నీళ్ళు లేవని చెప్పడం సులువే, అది పూర్తి నిజం కాదు. చంద్రగిరి పక్కన కల్యాణి డ్యాం ఉంది, అయితే అది తిరుపతి తాగునీటి జలాశయం, చుట్టూ అడవి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు ఉంది, 2021 నవంబరులో గండి పడుతుందేమోనని చుట్టుపక్కల పల్లెలన్నీ టెన్షన్‌తో నిద్ర మానుకున్నది దాని కట్ట గురించే. పిచ్చాటూరు దగ్గర అరణియార్ ఉంది. మొరవ పోయే ఏడు ఇవన్నీ సముద్రాల్లా ఉంటాయి. వానలు తప్పిన ఏడు నడి చెరువులో క్రికెట్ ఆడుకోవచ్చు. పోటీ కోసమైతే రెండు కిలోమీటర్లు తిన్నగా సాగే నీళ్ళు, కనీసం మూడు మీటర్ల లోతు కావాలి. సూళ్లూరుపేట, తడ వైపు పులికాట్ సరస్సుకు వెడల్పు బోలెడు ఉంది గానీ లోతు లేదు, చాలాచోట్ల మనిషి నడిచిపోవచ్చు. పైగా అది పక్షుల అభయారణ్యం. కోచ్ మోటారు పడవలో వెంట వస్తే రాజహంసలు ఊరుకున్నా అటవీ శాఖ ఊరుకోదు. కాబట్టి ఇక్కడ అంతర్జాతీయ ట్రాక్ కట్టాలని కలలు కనడం దండగ. నేర్చుకోవడానికి అంత అక్కర్లేదు. ఐదారు వందల మీటర్ల నిలకడ నీళ్ళుంటే సింగిల్ స్కల్ నడపడం వస్తుంది.

నీళ్ళ కన్నా ముందు ఈత రావాలి. ఇది మన వైపు పెద్ద లోటు. ఒకప్పుడు కయ్యల మధ్య ఉన్న దిగుడు బావుల్లో మగపిల్లలు నడుముకు సొరబుర్ర కట్టుకుని ఈత నేర్చేవాళ్ళు. ఆడపిల్లలకు అప్పుడూ ఆ భాగ్యం తక్కువే. బోర్లు వచ్చి బావులు ఎండిపోయాక ఎవరికీ చోటు లేకుండా పోయింది. రోయింగ్ పడవ సన్నం, ఇట్టే బోల్తా పడుతుంది. ఈత రాని పిల్లను ఎక్కించమనే కోచ్ ఎక్కడా ఉండడు.

ఇంకో దారి ఉంది, నీళ్ళే అక్కర్లేనిది. ఎర్గోమీటర్ అంటారు, జిమ్‌లో జారే సీటు ఉన్న గొలుసు యంత్రం. ప్రపంచమంతటా జట్ల ఎంపిక మొదలయ్యేది దాని మీదే, 2000 మీటర్లు ఎంత సేపట్లో లాగారన్న లెక్కతో. ఇండోర్ రోయింగ్‌కు వేరే పోటీలే ఉన్నాయి. మహిళా విశ్వవిద్యాలయం లాంటి చోట వ్యాయామ విద్య హాలులో నాలుగు యంత్రాలు పెడితే, అమెరికా కాలేజీలు వాలీబాల్ అమ్మాయిలతో చేసిన పనే ఇక్కడ కబడ్డీ అమ్మాయిలతో చేయొచ్చు. తొడల బలానికి మన పల్లెల్లో కొరత లేదు. ఎత్తు కొంచెం తక్కువ కావచ్చు, అది ఎత్తుకు విలువిచ్చే ఆట అన్నదీ దాచిపెట్టాల్సిన విషయం కాదు. వందమందిని కూర్చోబెడితే నలుగురు తేలతారు. ఆ నలుగురినీ కేరళకో, ఒడిశాకో పంపొచ్చు, అక్కడ నీళ్ళూ కోచ్‌లూ ఉన్నారు.

ఇలా చూస్తే 'యాడ' అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. 'ఎవురితో' అన్నదానికి కావలసింది జీతం తీసుకునే కోచ్ ఒక్కడే కాదు. ప్రతి జూన్‌లో కొత్త బ్యాచ్‌ను పోగుచేసి, మార్చిలో పరీక్షలకు మానేసినవాళ్ళ ఇళ్ళకు ఫోన్ చేసి, ఏళ్ళ తరబడి పతకం రాకపోయినా తాళం పారేసుకోని ఒక మనిషి కావాలి. అలాంటి ఉద్యోగానికి నోటిఫికేషన్ పడదు. ఇక మూడోది, టైము. గాలి లేచి నీళ్ళు అలలు కట్టకముందే, చిత్తూరు ఎండ ఎక్కకముందే సాధన ముగియాలంటే ఐదున్నరకల్లా మొదలుపెట్టాలి. లేడీస్ హాస్టల్ గేటు ఆ చీకట్లో తీయాలంటే వార్డెన్ అనుమతి కావాలి, వార్డెన్ అనుమతికి ఇంటి నుంచి ఫోన్ రావాలి, ఇంటి నుంచి ఫోన్ రావాలంటే మళ్ళీ ఆ మొదటి రెండు ప్రశ్నల దగ్గరికే.